తుమ్ము రాని కారం

సెప్టెంబర్ 2, మంగళవారం

రోహిత్ సార్ నా కారానికి లేని అమ్మమ్మను అంటగట్టాడు.

ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు. నేను షెడ్డులో దంచే కారం డబ్బాలకు పొద్దున కొత్త మూతలు వచ్చాయి. నున్నగా, పసుపుపచ్చగా ఉన్నాయి. మధ్యలో గుండ్రటి ఫొటో, కింద 'అమ్మమ్మ చేతి కారం' అని పెద్ద అక్షరాలు. దాని కింద చీమలంత అక్షరాల్లో ఇంకో ముక్క: 'మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద, ఇత్తడి మూకుడులో వేయించిన నాటి రుచి. మూడు తరాల రహస్యం.'

కట్టెల పొయ్యి అట. మాది మణికొండలో అపార్టుమెంట్ల వెనక రేకుల షెడ్డులో నడిచే క్లౌడ్ కిచెన్. కూర్చోవడానికి బల్ల లేదు, బయట బోర్డు లేదు. ఒకే గ్రేవీతో ఐదు పేర్ల హోటళ్లు నడుపుతాం. యాప్‌లో చూసేవాళ్లకు అవి ఐదు వేర్వేరు హోటళ్లు, ఐదు వేర్వేరు ఊళ్ల రుచులు. మొత్తం షెడ్డులో కట్టె అన్నది ఏదైనా ఉందంటే అది నేల తుడిచే కర్రే.

ఆ కారాన్ని నేను మొదటిసారి మొన్న జూలైలో గోపన్‌పల్లిలోని నా గదిలో, కరెంటు పొయ్యి మీద చేశాను. నాకు ఇరవై మూడేళ్లు. మూడు తరాలు నాలో ఎక్కడ దూరాయో సార్‌కే తెలియాలి. పైగా నాకు అమ్మమ్మ లేదు, నేను పుట్టకముందే పోయింది. నాయనమ్మా అంతే. వంట నేర్పినవాళ్లు నాకు ఎవరూ లేరు. ఫోన్‌లో వీడియోలు చూసి, మాడ్చి, పారబోసి, మళ్లీ చేసి నేర్చుకున్నాను.

అసలు సంగతి ఇంకా రాయనేలేదు. ఆ ఫొటోలో ఉన్నది బుచ్చమ్మ.

మా షెడ్డు ఊడ్చే బుచ్చమ్మే. రూపాయి బిళ్లంత బొట్టు, రెండు పక్కలా ముక్కుపుడకలు, నవ్వితే ముఖమంతా ముడతలు. అమ్మమ్మ అంటే ఇలా ఉండాలని ఎవరికైనా అనిపించే ముఖం. కానీ ఆమెకు వంట రాదు. రాదంటే అన్నం కూడా వార్చలేదు. వాళ్లింట్లో వండేది ఆమె భర్త ఎల్లయ్య. పైగా ఆమెకు కడుపులో మంట, పెరుగన్నం తప్ప ఏదీ పడదు. నా కారం ఇప్పటివరకు నాలుక మీద పెట్టుకోలేదు.

"అవ్వా, ఈ ఫొటో ఎప్పుడు దిగినవ్?" అని మూత చూపించాను.

ఆమె మూతను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "మొన్న సారు నిలవడుమన్నడు బిడ్డా. చీపురు పక్కకు వెట్టి నవ్వుమన్నడు. గిందుకా? నేను ఆధార్ కార్డు కోసమనుకున్న."

నాకు కోపం లేదు. రేపు సార్‌ని అడుగుతాను.

సెప్టెంబర్ 3, బుధవారం

అడగలేదు. బిర్యానీ ఆర్డర్లు ఎక్కువ.

సెప్టెంబర్ 4, గురువారం

అడిగాను. సార్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఈయన ఒకప్పుడు పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసి, మానేసి ఈ షెడ్డు పెట్టాడు. చెడ్డవాడు కాదు. జీతం తేదీ దాటనివ్వడు. కానీ ప్రపంచమంతా ఒక స్క్రీన్ అనుకుంటాడు.

"సార్, కారం చేసింది నేను కదా?"

"నువ్వే పింకీ. కాదన్నది ఎవరు?"

"మూత అంటోంది."

చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. "చూడమ్మా, జనం కారం కొనరు. జ్ఞాపకం కొంటారు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడికి ఏం కావాలి? ఎవరో తన కోసం కూర్చుని దంచినట్టు ఉండాలి. అది అమ్మమ్మ."

"దంచింది నేనే గద సార్. నా పేరు పెట్టుండ్రి."

"పింకీ పొడి అంటే మొహానికి రాసుకునేది అనుకుంటారు."

బిర్యానీ హండీ దగ్గర కుమార్ గరిటె వదిలేసి మరీ నవ్వాడు. కుమార్ బిర్యానీ మాస్టర్. తన గ్రేవీకి ఐదు పేర్లు ఉన్నాయని గొప్ప చెప్పుకునే మనిషి.

"ప్రియాంక అని పెట్టుండ్రి. నా అసలు పేరు అదే," అన్నాను.

"అది ఇంకా ఘోరం. ప్రియాంక కారం అంటే ఎవరు నమ్ముతారు? కారానికి ముసలి పేరు ఉండాలి. అప్పుడే అందులో బరువు ఉంటుంది."

బయటికి వచ్చాక కుమార్ అడిగాడు, "ఏందే, ముసల్దానివి ఎప్పుడైతవ్ మరి? జర జల్ది కా."

రేపు మానేస్తాను.

సెప్టెంబర్ 5

మానేయలేదు. పనిలో ఒక మనిషి తక్కువయ్యాడు, సార్ పాపం.

సెప్టెంబర్ 8, సోమవారం

నా సెలవు రోజు. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు ఇంకెవరైనా ఆ ఇత్తడి మూకుడు గురించి చెబితే నాకే అనుమానం రాకుండా ఉండాలి.

జూలైలో ఇలాంటి సోమవారమే. బయట వాన. ఒక వీడియో చూసి మినప్పప్పు కారం చేద్దామనుకున్నాను. మినప్పప్పు లేదు. మొలకలు కట్టుకుని తిని సన్నబడదామని తెచ్చిన ఉలవలు ఉన్నాయి. మొలకలూ లేవు, సన్నబడిందీ లేదు. అవే మూకుడులో పోశాను. అంతలో అమ్మ ఫోన్ చేసింది, మా చిన్నమ్మ కొడుకు పెళ్లి గురించి. ఆ పిల్ల ఎవరో, వాళ్లు ఏం పెడతారో అన్నీ విని ఫోన్ పెట్టేసరికి ఉలవలు నల్లబడుతున్నాయి. ఇంకో నిమిషం అయితే పారబోసేదాన్ని. కానీ వాసన చూస్తే మాడిన వాసన కాదు. కాఫీ గింజలు వేయించిన వాసన. పొయ్యి ఆపి, ఆ వేడి మీదే ఎండుమిరపకాయలు తుంచి వేశాను. మళ్లీ పొయ్యి ఆన్ చేస్తే మిరప మాడుతుంది కదా అని వేశానంతే. గది మొత్తం ఘాటు. పక్క గది అమ్మాయి తలుపు కొట్టి తిట్టింది.

తర్వాత పులుపు. చింతపండు డబ్బా ఖాళీ. బుచ్చమ్మ ఉండేది అవతలి గల్లీలోనే కాబట్టి అడగడానికి పోయాను. వాళ్లింట్లోనూ లేదు. ఎండాకాలం ఎండబెట్టిన మామిడి ఒరుగులు ఉన్నాయని చారెడు పెట్టింది. అదొక్కటే ఈ కారంలో ఆమె వాటా. వాటా కూడా కాదు, చేబదులు.

ఒరుగులు విడిగా, నూనె చుక్క లేకుండా, గలగలమనే దాకా వేడి చేయాలి. ఎండు కొబ్బరి అన్నిటికంటే తక్కువ వేడి. అన్నీ చల్లారాక రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆఖరికి వెల్లుల్లి పొట్టుతో సహా పచ్చిదే వేసి నాలుగు పోట్లు పొడవాలి. ఆ తడికి పొడి అంతా ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. ఉలవకూ మామిడికీ ఏ చుట్టరికమూ లేదు. వెల్లుల్లి వచ్చి కూర్చోబెడితే పక్కపక్కన కూర్చుంటాయి. ఇవే సరుకులు ఒకేసారి మూకుడులో పోసి వేయిస్తే వచ్చేది పశువుల దాణా. ఆ సంగతీ నాకు తెలుసు. రెండోసారి అలాగే చేశాను.

మరుసటి రోజు కొంచెం డబ్బాలో తీసుకుపోయి అన్నంలో కలుపుకుంటుంటే సార్ ఒక ముద్ద అడిగాడు. తిని వేళ్లు నాక్కున్నాడు. ఇంకో ముద్ద అడిగాడు. అప్పుడు నాకు ఎంత సంతోషమైందో ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 11, గురువారం

యాప్‌లో కారం కింద జనం రాసినవి కుమార్ గట్టిగా చదువుతున్నాడు.

'మా అమ్మమ్మ ఇలాగే చేసేది.'

ఎలా చేసేదయ్యా. ఈ కారం పుట్టి రెండు నెలలు కాలేదు.

'మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి.'

"ఇది కారం ఎక్కువై," అన్నాడు కుమార్.

'చిన్నప్పుడు సెలవులకు ఊరెళ్లినప్పటి వాసన. థాంక్యూ అమ్మమ్మా, మీరు నిండు నూరేళ్లు ఉండాలి.'

బుచ్చమ్మ చీపురు ఆపి, "ఎవరు బిడ్డా, మంచిగ దీవించిండు," అంది.

నా కళ్లల్లోనూ నీళ్లు. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. అందుకే.

సెప్టెంబర్ 13, శనివారం

ఆర్డర్లు తీసుకుపోయే రైడర్లు ఇద్దరు లోపలికి తొంగి చూసి అమ్మమ్మతో సెల్ఫీ కావాలన్నారు. బుచ్చమ్మ కొంగు సర్దుకుని నిలబడింది. సార్ ఇంతకుముందు 'ఏయ్ బుచ్చమ్మా, ఇక్కడ నీళ్లున్నాయి' అనేవాడు. ఇప్పుడు 'బుచ్చమ్మ గారూ, ఇక్కడ కొంచెం నీళ్లున్నాయండి' అంటున్నాడు. తుడిచేది ఆమే. నీళ్లూ అవే.

సెప్టెంబర్ 16, మంగళవారం

సార్ అడిగాడు, "పింకీ, నువ్వు చేత్తో దంచితే రోజుకు ఎన్ని డబ్బాలవుతాయి?"

అయినన్ని అవుతాయన్నాను.

"అదే సమస్య. ప్రగతి నగర్‌లో మనవాళ్ల మిల్లు ఉంది. సరుకులు చెప్పు."

చెప్పాను. దాచుకోవడం నాకు రాదు, దాచితే నా నోరే నన్ను పట్టిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత, ఎంత వేడి అని చెప్పబోతే చెయ్యి ఎత్తి, "సరుకులు చాలు, మిగతాది మెషీన్ చూసుకుంటుంది," అన్నాడు. ఒరుగులు దొరకవు కాబట్టి మామిడి పొడి అట. పచ్చి వెల్లుల్లి నిలవ ఉండదు కాబట్టి వెల్లుల్లి పొడి అట.

లోపల నవ్వుకున్నాను. పోనీ, జనమే తిడతారు. అప్పుడు నా దగ్గరికే వస్తాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మిల్లు కారం వచ్చింది. ఎర్రగా, మెత్తగా, కుంకుమలా ఉంది. కొత్త మూతల కింద పెట్టి పంపారు. నాలుక మీద వేసుకున్నాను. కారం ఉంది, పులుపు ఉంది, ఉప్పు ఉంది. ముగ్గురూ ఒకే బస్సులో ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంది.

సెప్టెంబర్ 20

ఎవరూ తిట్టలేదు.

సెప్టెంబర్ 21

'మా అమ్మమ్మ ఇలాగే చేసేది.' మళ్లీ.

సెప్టెంబర్ 22, సోమవారం

ఒక్కరు. ఒక్కరంటే ఒక్కరూ తేడా కనుక్కోలేదు. అయితే నేను చేసింది ఏమిటి? ఆ ఉలవలు, ఆ ఒరుగులు, అరచేతుల్లో కాసిన ఈ కాయలు ఏమిటి? జనం మూతనే తిన్నారా ఇన్నాళ్లూ?

గదిలో పడుకుని ఫోన్‌లో వంట వీడియోలు చూడబోయాను. చూడబుద్ధి కాలేదు. నాకు కోపం లేదు. రేపు నిజంగానే మానేస్తాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

మానేద్దామని పోయాను. పోయేసరికి మిల్లు కారం సంచీ ఒకటి చిరిగి షెడ్డంతా ఎర్రటి పొడి పరచుకుంది. బుచ్చమ్మ ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు గోడకు ఆనించింది.

"బిడ్డా, ఇది నీ కారం గాదు."

"నీకేం తెలుసవ్వా? నువ్వు తినవు గద."

"తినకుంటే ఏమాయె, ఊడుస్త గద. నీ కారం గింతంత కింద వడ్డదంటే ఊడ్చేటప్పుడు ఏడెనిమిది తుమ్ములొస్తయి. ముక్కు కాలిపోతది, కండ్లల్ల నీళ్లు కారుతయి. ఇప్పుడు చూడు, సంచి మొత్తం ఎత్తిపోసిన, ఒక్క తుమ్ము రాలే. గిదేం కారం? గిది రంగు."

కుమార్ వంగి ఒక చిటికె తీసుకుని ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చాడు. ఎదురుచూశాం. ఏమీ రాలేదు.

"నిజమేనే," అన్నాడు.

మానేసే సంగతి మరిచిపోయాను.

సెప్టెంబర్ 24, బుధవారం

కొత్త తలనొప్పి. రాయదుర్గం దగ్గర ఒక టవర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఎల్లుండి ఆఫీసులో బతుకమ్మ ఆడుతున్నారు. అక్కడి హెచ్ఆర్ యశస్విని మేడమ్‌కి మా మూత నచ్చిందట. అమ్మమ్మను పిలిపించి అందరి ముందు కారం చేయించాలట. బాగుంటే దీపావళికి ఉద్యోగులందరికీ ఇచ్చే బహుమతి పెట్టెల్లో మా డబ్బాలే పెడతారట.

"బుచ్చమ్మ గారికి వంట రాదు కదా సార్," అన్నాను. ఆయన భాషలోనే, గారు చేర్చి.

"నువ్వు పక్కనుండు. మనవరాలివి. చేసేది నువ్వు చెయ్, ఆవిడ కూర్చుని నవ్వుతుంది."

అంటే నా కారం నేను చేయడానికి ఇప్పుడు నాకు ఒక చుట్టరికం కావాలి.

పోనని చెప్పాలి. చెబుతాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

పోయాను. పోయి మంచి పని చేశాను.

టవర్ కింద పెద్ద హాలు. గాజు తలుపులు, మధ్యలో తంగేడు, గునుగు, బంతి పూలతో నా ఎత్తు బతుకమ్మ. మెడలో ఐడీ కార్డులు, ఒంటి మీద పట్టుచీరలు. పాటకు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు, సగం మందికి అడుగు పడటం లేదు. సార్ కొనిపెట్టిన జరీచీరలో బుచ్చమ్మను బల్ల వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు కరెంటు పొయ్యి, చిన్న రోలు, వేడి అన్నం, నెయ్యి. సరుకులు మాత్రం నేనే తెచ్చాను. ఒరుగులు బుచ్చమ్మ కొంగున కట్టుకొచ్చింది.

ఉలవలు నల్లబడ్డాయి. పొయ్యి ఆపాను. మిరపకాయలు తుంచి వేశాను.

నా గదికి కిటికీ ఉంది. ఈ హాలుకు లేదన్న సంగతి నాకు తట్టలేదు. పైన ఏసీ ఆ ఘాటును దగ్గర పెట్టుకోకుండా అందరికీ పంచింది. ముందు పాట పాడుతున్న ఆవిడ తుమ్మింది. తర్వాత బతుకమ్మ చుట్టూ వరసగా ఒకరి తర్వాత ఒకరు. చప్పట్లు కొట్టే చేతులన్నీ ముక్కుల మీదికి పోయాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంది, లోపలున్న నలుగురూ తుమ్ముతూనే బయటికి వచ్చారు. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి, "ఏం కాలింది మేడమ్?" అన్నాడు. తానూ తుమ్మాడు. పైఅంతస్తుల వాళ్లు ఇది ఎక్కడి నుంచి వస్తోందని వెతుక్కుంటూ దిగారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే బల్ల ముందు ప్లేటు పట్టుకుని నిలబడ్డారు.

సార్ ముఖం మొదట తెల్లబోయింది, తర్వాత వెలిగింది.

అన్నం అయిపోయింది. కారం అయిపోయింది. రోట్లో మిగిలిన దాన్ని ఒకాయన వేలితో తుడుచుకున్నాడు. అప్పుడు యశస్విని మేడమ్ కళ్లు ఒత్తుకుంటూ మైకు తెచ్చి బుచ్చమ్మ ముందు పెట్టింది.

"అమ్మమ్మగారూ, ఇంత బాగా కలపడం మీకు ఎవరు నేర్పారండి?"

బుచ్చమ్మ నా వైపు చూసింది. నేను సార్ వైపు చూశాను. సార్ నవ్వమని సైగ చేశాడు. ఆమె నవ్వలేదు.

"నాకేమెరుక బిడ్డా. నేను ఊడ్చేదాన్ని. కారం జేసేది గీ పొల్ల."

హాలంతా 'ఆఁ' అంది, పసిపిల్ల ముద్దుమాట విన్నట్టు. చప్పట్లు.

"ఎంత సింపుల్‌గా చెప్తున్నారో చూడండి," అంది మేడమ్. "మనవరాలికే క్రెడిట్ ఇచ్చేస్తున్నారు. కానీ మీరు జీవితంలో ఎన్ని కలిపి ఉంటారో కదా."

"కలిపిన బిడ్డా, మస్తు కలిపిన. కాంక్రీటు కలిపిన. పెండ్లయినంక ఇరవై ఏండ్లు గదే పని. గీ రోడ్డు మీద గిసుంటి బిల్డింగులు లేస్తుంటే మేమే ఉన్నం. ఒక తట్ట సిమెంటుకు రెండు తట్టల ఇసుక, నాలుగు తట్టల కంకర. ముందుగాల పొడిపొడిగ తిప్పాలె. నీళ్లు ఆఖరికి వొయ్యాలె, అదీ జర చూసుకుంట. నీళ్లు ఎక్కువైనయంటే పైకి మంచిగనే కనవడతది, లోపల బలముండదు. మేస్త్రి తిడితే తిట్టనియ్యి, తొందరవడొద్దు."

మేడమ్ మైకు తన వైపు తిప్పుకుంది. తర్వాత ముందటికంటే గట్టిగా చప్పట్లు. ఒకాయన పక్కావిడతో, "వాట్ ఎ మెటఫర్ యార్," అన్నాడు. ఇంకొకాయన అది ఫోన్‌లో రాసుకుంటున్నాడు. నేను రోలు తుడుస్తూ నిలబడ్డాను. నవ్వాలో అరవాలో తెలియక మళ్లీ తుమ్మాను.

వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలో బుచ్చమ్మ చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుంది.

"నేను నిజమే చెప్పిన గద బిడ్డా. వాళ్లకెందుకు చెవులకు ఎక్కలే?"

"మూత మీద వేరే రాసుంది గదవ్వా."

ఆమె బయటి టవర్లు చూసింది. "గిదా, గా పక్కదా," అని రెండు మూడింటిని వేలితో చూపించి, ఏది తమదో తేల్చుకోలేక వదిలేసింది. "అన్ని ఒక్క తీరుగనే అద్దాలు పెట్టిండ్రు."

అక్టోబర్ 1

సార్ యశస్విని మేడమ్‌కి బహుమతి పెట్టె నమూనా పంపాడు. లోపల మిల్లు కారం. నేనేమీ అనలేదు. ఇది నా జీవితంలో మొదటిసారి అయి ఉంటుంది.

అక్టోబర్ 4, శనివారం

దసరా మామిడాకులు ఇంకా తలుపుకు వేలాడుతున్నాయి. సార్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంటే షెడ్డు మొత్తం వింది.

"రోహిత్ గారూ, ఇది ఆ రోజుది కాదండి," అంది యశస్విని మేడమ్.

"అదేనండి. సేమ్ రెసిపీ."

"మా ఫ్లోర్‌లో డబ్బా తెరిచాం. ఎవరికీ తుమ్ము రాలేదు. అందరూ అదే అడుగుతున్నారు. నాకు ఆ రోజుదే కావాలి. పెట్టె మీద స్కాన్ చేస్తే వచ్చేలా అమ్మమ్మగారు ఒరుగులు చూపిస్తూ ఉన్న చిన్న వీడియో కూడా. లేకపోతే మేం స్వీట్లకు వెళ్లిపోతామండి."

సార్ ఫోన్ పెట్టి లేచి వచ్చాడు. నేను టమాటాలు కోస్తున్నాను. కుమార్ హండీ మూత తీసి అందులోకి తల దూర్చాడు, నవ్వు కనబడకుండా.

"పింకీ, దీపావళి దాకా నువ్వు బిర్యానీ లైన్ చూడక్కర్లేదు. కారం ఒక్కటే చూడు. ఇద్దరు హెల్పర్లను ఇస్తాను."

"మూత?"

"మూత సంగతి దీపావళి అయ్యాక చూద్దాం."

"ఇప్పుడే చూద్దాం సార్."

"ఇప్పుడు అమ్మమ్మ అమ్ముడవుతోందమ్మా. నడుస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా?"

నడుస్తున్నది తుమ్ము సార్ అన్నాను. అయినా ఆయన దీపావళి అయ్యాకే అన్నాడు.

అక్టోబర్ 6, సోమవారం

సెలవు. ఒరుగులు అడగడానికి బుచ్చమ్మ ఇంటికి పోయాను. ఎల్లయ్య ఒక అపార్టుమెంటుకు కాపలా. ఆ సెల్లారు పక్కన గదిలో ఉంటారు. ఆయన పప్పు తాలింపు పెడుతున్నాడు. ఈమె మంచం మీద కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తోంది, వంట రానివాళ్లందరూ చేసినట్టే.

డాబా మీదికి తీసుకుపోయి రేకు డబ్బా తెరిచింది. నిండా ఒరుగులు. ఒక్కదానికీ బూజు లేదు, ఒక్కదానికీ నల్ల మచ్చ లేదు. ఎండాకాలమంతా ఇక్కడే ఎండబెట్టిందట. నేను బజారులో కొన్నవి చూశాను. సగం మెత్తగా, సగం బొగ్గులా ఉంటాయి. జూలైలో చింతపండు ఉండి ఉంటే నా కారం వెయ్యి కారాల్లో ఇంకో కారం అయ్యేది. ఈ మాట రాయడానికి పెన్ను కాసేపు ఆగింది. రాశాను, అయిపోయింది.

"వంట రాదంటవు, ఇవి ఎట్ల చేసినవ్ అవ్వా?"

"ఎండవెట్టుడు వంట గాదు బిడ్డా, కావలి. స్లాబు వోసినంక నీళ్లు వట్టుకుంట కూసోమా, గట్లనే. మబ్బు వస్తే తియ్యాలె, ఎండ వస్తే తిప్పాలె. కాకిని కొట్టాలె."

మెట్లు దిగుతూ వీడియో సంగతి చెప్పాను.

"నేను తియ్యనియ్య," అంది. "ఒకపారి నిజం చెప్తే నవ్విండ్రు. ఇగ అబద్ధానికి నవ్వుమంటే నాతోటి గాదు. నా మొఖం గావాల్నంటే నీ పేరు రాయాలె. సారుకు మెసేజ్ వెట్టు."

"నువ్వు చెప్పరాదు?"

"నాకు రాయస్తదా? నువ్వే రాయి. మంచిగ రాయకు. నీకు రాదు గూడ."

ఎల్లయ్య గరిటెతో బయటికి వచ్చి, "ఒరుగులు తిప్పింది నువ్వైతే మూట మోసింది నేను. నా పేరు గూడ రాయుమను," అన్నాడు. ఆమె తాలింపు మాడుతోందని లోపలికి తరిమింది.

మెసేజ్ పంపాను. పంపింది మళ్లీ ఇక్కడ దింపుతున్నాను, రేపు నేనే మెత్తబడకుండా:

సార్. కారం నేను చేశాను. మీకు తెలుసు. మిల్లుది కారం కాదని కూడా మీకు ఇప్పుడు తెలుసు. మూత మార్చండి. పైన 'పింకీ కారం' అని ఉండాలి. మొహానికి రాసుకునేది అనుకునేవాళ్లను ఒకసారి రాసుకోమనండి, మళ్లీ అనుకోరు. ఫొటో బుచ్చమ్మదే ఉండనివ్వండి, బాగుంది. కానీ కింద ఉన్న ఇత్తడి మూకుడు తీసేసి ఇది రాయండి: 'బుచ్చమ్మ. మీరు కూర్చున్న టవర్లకు కాంక్రీటు కలిపింది. ఈ కారానికి ఒరుగులు ఎండబెట్టింది. వంట రాదు.' అమ్మమ్మ అన్న మాట వద్దు. ఆమె నాకు అమ్మమ్మ కాదు, మీకూ కాదు. ఇది నిజమని యశస్విని మేడమ్‌కి మీరే చెప్పండి, మేం చెబితే చప్పట్లు కొడుతున్నారు. రేపు పదకొండుకు యాప్ తెరుచుకుంటుంది. మీరు కాదంటే రోలు నా దగ్గర ఉంటుంది, ఒరుగులు బుచ్చమ్మ దగ్గర ఉంటాయి, మూతలు మీ దగ్గర ఉంటాయి. అవునో కాదో పదకొండు లోపు రాయండి.